సీత అని పేరు పెడితే కష్టాలొస్తాయా?

ప్రశ్న: మాకు పాప పుట్టి పదిహేను రోజులైంది. శతభిషం మూడో పాదం, 'సీ' అక్షరం వచ్చింది. సీత అని పెట్టాలని నా కోరిక. అత్తయ్య మాత్రం 'సీత కష్టాలు' అంటూ ససేమిరా వద్దంటున్నారు. మావారి మేనత్త పేరూ సీతే, ఆవిడ జీవితం బాగా లేదట. మావారేమో 'మీరూ మీరూ తేల్చుకోండి' అని తప్పుకున్నారు. ఇరవై ఒకటో రోజు బారసాల. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు పేరు సంగతి చూద్దామమ్మా. సీత అంటే నాగటి చాలు. జనకుడు నేల దున్నుతుంటే చాల్లో దొరికింది కాబట్టి ఆ పేరొచ్చిందని వాల్మీకి జనకుడి నోటే చెప్పించాడు. మాట మాత్రం అంతకంటే పాతది. ఋగ్వేదం 4వ మండలం 57వ సూక్తంలో చాలునే దేవతగా పిలిచి, 'సీతా, నీకు నమస్కారం, మాకు మంచి ఫలమివ్వు' అని వేడుకుంటారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సాగు పనులు చూసే అధికారి పేరు సీతాధ్యక్షుడు. జానకి, వైదేహి, మైథిలి అన్న పేర్లు తండ్రినో దేశాన్నో ఊరినో బట్టి వచ్చాయి. సీత ఒక్కటే ఆమె సొంతం. నాకైతే ఈ నాలుగింటిలో అదే ఇష్టం.

ఇక ఆ సామెతంటారా, అందులో పీతకీ కష్టాలున్నాయి! గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి (1841–1909) పేరూ ఇదే. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు.

ఇవన్నీ మీ ధైర్యానికి చెప్పాను. అత్తగారి ముందు వాదనకు వాడకండి. ఋగ్వేదం వినిపిస్తే ఆవిడ నోరు మూతపడుతుందేమో కానీ భయం పోదు. ఆవిడ కళ్ల ముందున్న సీత రామాయణంలో సీత కాదేమో, ఆడపడుచు సీత. 'ఆవిడకి ఏం జరిగింది అత్తయ్యా?' అని తీరిగ్గా అడగండి. మధ్యలో సర్దిచెప్పకుండా వినండి. ఆ కష్టం పేరు వల్ల వచ్చిందా, ఇచ్చిన సంబంధం వల్ల వచ్చిందా అన్నది చెబుతూ చెబుతూ ఆవిడే అనొచ్చు. అనకపోనూవచ్చు.

మీవారు తప్పుకోవడం నాకు నచ్చలేదు. ఆ సీత ఆయన మేనత్త, అడ్డు చెబుతున్నది ఆయన తల్లి. బారసాల నాడు బియ్యంలో ఉంగరంతో పేరు రాసేదీ ఆయనే కదా! మీరు అత్తగారితో మాట్లాడేటప్పుడు ఆయన్నీ పక్కన కూర్చోబెట్టండి.

అప్పటికీ ఆవిడ మనసు మారకపోతే సీత పక్కన ఇంకో పేరు ఆవిడనే చేర్చమనండి. సీతామహాలక్ష్మి అంటే కాదనే అత్తగార్లు తక్కువ. తొందరేమీ లేదు. జననం మాత్రం 21 రోజుల్లోపు నమోదు చేయించండి, పేరు లేకుండానే చేస్తారు. ఆ తర్వాత 12 నెలల్లోపు ఎప్పుడైనా రుసుము లేకుండా పేరు రాయించుకోవచ్చు.