ఉబుంటులో వీఎస్ కోడ్ షార్ట్‌కట్ పనిచేయకపోతే ముందు ఎక్కడ చూడాలి?

తమ్ముడూ, మీ సమస్య ఇది కదా: ఉబుంటులో కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌కి కంట్రోల్, చుక్క కలిపి సొంత షార్ట్‌కట్ పెట్టుకున్నారు. నొక్కితే ఆ పని జరగకుండా కింద గీతతో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం వచ్చి కూర్చుంటోంది. ఎడిటర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అదే వరస.

ఎడిటర్‌లో లోపమేమీ లేదు. ఆ కీని దారిలోనే ఐబస్ పట్టుకుంటోంది. మనం తెలుగు టైప్ చేయడానికి వాడేది అదే, ఎమోజీలు వెతికిపెట్టేదీ అదే. ఆ గీత ‘ఈ’ దాని గుర్తు. టెర్మినల్‌లో ఐబస్-సెటప్ నడిపి, ఎమోజీ ట్యాబ్‌లో ఉన్న షార్ట్‌కట్‌ని తీసేయండి, లేదా ఇంకో కీకి మార్చండి. దీంతో మీ పని అయిపోవాలి.

ఇకముందు ఏ షార్ట్‌కట్ మొరాయించినా, షార్ట్‌కట్లు రాసుండే ఫైల్‌లో మార్పులు మొదలుపెట్టకముందే కీ ఎవరి చేతిలో పడుతోందో తేల్చుకోండి. కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి ‘టాగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్’ ఎంచుకుంటే కింద ఔట్‌పుట్ ప్యానెల్ తెరుచుకుంటుంది. ఇప్పుడు మీ షార్ట్‌కట్ నొక్కండి. అది అక్కడ సరిగ్గా కనబడకపోతే బయట ఐబసో, ఉబుంటు డెస్క్‌టాప్‌ని నడిపే గ్నోమో లాక్కున్నట్టే. కనబడి, పక్కన వేరే కమాండ్ ఉంటే గొడవ ఎడిటర్ లోపలిదే.

మా కడపలో ఏడు రోడ్ల దగ్గర ఉండే ఒక బీటెక్ అబ్బాయిది ఈ రెండో రకం. ఆ ప్యానెల్‌లో లైన్ చక్కగా పడింది కానీ, సోర్స్ అన్నచోట యూజర్ బదులు ఒక ఎక్స్‌టెన్షన్ పేరు ఉంది. ఒక్కో షార్ట్‌కట్ ఒక్కో రూల్; ఆ రూల్స్‌ని ఎడిటర్ కింది నుంచి పైకి చదువుతుంది, షరతు కుదిరిన మొదటిదాన్ని నడిపిస్తుంది. మనవి చివర ఉంటాయి కాబట్టి మామూలుగా మనవే గెలవాలి. అయితే ఆ అబ్బాయి రూల్‌లో ‘వెన్’ దగ్గర పైథాన్ ఫైళ్లకు మాత్రమే అని ఉంది, తెరిచిందేమో సీ ఫైల్. ఆ షరతు తీసేయగానే నడిచింది. అక్కర్లేని పాత షార్ట్‌కట్‌ని పూర్తిగా వదిలించుకోవాలంటే, ఆ కీకి ఇంకో రూల్ రాసి కమాండ్ పేరు ముందు మైనస్ గుర్తు పెడితే చాలు.

కీబోర్డ్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఉన్నప్పుడు మాత్రమే షార్ట్‌కట్లు తప్పుతుంటే, తెలుగు లేఅవుట్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. మన భాషలో రాసుకునే వీలు పోగొట్టుకుని షార్ట్‌కట్ బాగుచేసుకోవాల్సిన అవసరం లేదు. సెట్టింగ్స్‌లో ‘కీబోర్డ్ డిస్పాచ్’ని ‘కీకోడ్’కి మార్చి ఎడిటర్‌ని మూసి మళ్లీ తెరవండి, చాలాసార్లు ఇదే సరిచేస్తుంది.

అన్నట్టు, పని పూర్తయ్యాక ట్రబుల్‌షూటింగ్ కమాండ్‌నే మళ్లీ నడిపి దాన్ని ఆపేయండి. లేకపోతే మీరు నొక్కే ప్రతి కీ అందులో పడుతూనే ఉంటుంది.