మంచి ఫామ్‌లో ఉండగానే ఆట మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అలా మానేయడం తప్పు కాదా?

ఉన్నాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బ్యారీ శాండర్స్. తప్పు కాదు. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. ఓపిక ఉంటే మిగతాది చదవండి.

ఇదే ప్రశ్నకి జవాబు రాస్తూ ఒకాయన "టీమ్‌ని నడి ఏట్లో వదిలేసి పోవడం పిరికితనం" అన్నారు. అది చదివాక టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను తెనాలి నుంచి 1996లో హెచ్-1 మీద డెట్రాయిట్ వచ్చాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్, నలుగురు బ్రహ్మచారులం, ఎవరో పారేస్తే తెచ్చుకున్న టీవీ ఒకటి. కేబుల్‌కి డబ్బు పెట్టడం మాకు ఇష్టం లేదు. యాంటెన్నా తిప్పితే ఏది వస్తే అది చూడటమే. ఆదివారం వచ్చేది ఫుట్‌బాల్. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటో! పది సెకన్లు ఆడతారు, నిమిషం నిలబడతారు, మధ్యలో ట్రక్కుల ప్రకటనలు. ఆ ప్రకటనల గోల ఇప్పటికీ తగ్గలేదు, పెరిగింది.

అలాంటి ఓ ఆదివారం నేను పప్పుకి తిరగమోత వేస్తుంటే హాల్లోంచి మా రూమ్మేట్ "ఒరేయ్, వీడు చెడుగుడు ఆడుతున్నాడ్రా" అని అరిచాడు. చూస్తే నిజంగా చెడుగుడే. ఎదురుగా ఆరున్నర అడుగుల మనుషులు, వాళ్ళ మధ్య 5 అడుగుల 8 అంగుళాల మనిషి, నీలం చొక్కా మీద 20 నంబరు. వాడే శాండర్స్. ఎడమ వైపు పరిగెత్తాడు, దారి లేదు. టక్కున ఆగాడు. అంత వేగంలో అలా ఆగితే మనకైతే మోకాలు చేతికొస్తుంది. వెనక్కి తిరిగాడు, ఇద్దరు పట్టుకోబోయి గాలిని పట్టుకున్నారు. కుడి వైపు నుంచి ముప్ఫై గజాలు. చిన్నప్పుడు మా వీధి జట్టులో ఒక బక్కపిల్లవాడు ఉండేవాడు, కూత ఆపకుండా ముగ్గురి చేతుల్లోంచి ఒంటికి నూనె రాసుకున్నట్టు జారిపోయేవాడు. అచ్చం వాడే. పప్పు మాడిపోయింది.

ఆ రోజు నుంచి నేను ఆయన టీమ్ డెట్రాయిట్ లయన్స్ అభిమానిని. ఆ టీమ్‌ని అభిమానించడమంటే ఏమిటో తర్వాత గానీ తెలియలేదు. శాండర్స్ ఉన్న 10 సీజన్లలో వాళ్ళు గెలిచిన ప్లేఆఫ్ మ్యాచ్ (సీజన్ చివర్లో ఓడితే ఇంటికే అనే నాకౌట్) ఒక్కటంటే ఒక్కటి. 1992 జనవరిలో డాలస్ మీద 38-6తో గెలిచారు. తర్వాతి వారమే వాషింగ్టన్ చేతిలో 41-10తో చిత్తయ్యారు. 1994 చివర్లో గ్రీన్ బే మీద ప్లేఆఫ్‌లో ఆయన 13 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తితే వచ్చినది మైనస్ 1 గజం. అంటే బయల్దేరిన చోటు కంటే వెనక్కి. ముందు దారి చేసేవాళ్ళు లేకపోతే బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఎంతటివాడైనా అంతే.

ఇప్పుడు నేను కళ్ళారా చూసిన మ్యాచ్. 1997 డిసెంబరు 21. మా ప్రాజెక్టులో ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవారు. ఆయన కొడుకు జ్వరంతో పడుకుంటే మిగిలిన టికెట్ నాకు ఇచ్చారు. పాంటియాక్‌లో సిల్వర్‌డోమ్, దాదాపు ఎనభై వేలమంది పట్టే స్టేడియం. దాని పైకప్పు గుడ్డతో చేసింది, లోపలి గాలి ఒత్తిడి మీదే నిలబడేది. బయట ఒళ్ళు గడ్డకట్టే చలి, లోపల చొక్కా తడిసే ఉక్క. అసలు ఆ పైకప్పు ఎప్పుడు కూలుతుందా అని మొదటి పావుగంట నాకు అదే టెన్షన్.

ఆ సీజన్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు కలిపి శాండర్స్ చేసింది 53 గజాలు. అయిపోయాడు, వయసైపోయిందని పేపర్లు రాసేశాయి. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌లోనూ నూరు దాటుతూ వచ్చాడు. థాంక్స్‌గివింగ్ రోజు షికాగో మీద 167 గజాలు, మూడు టచ్‌డౌన్లు (బంతితో అవతలి గీత దాటడం, మన గోల్ లాంటిది). చివరి మ్యాచ్‌కి వచ్చేసరికి సీజన్ మొత్తానికి 2,000 గజాలు పూర్తి కావాలంటే 131 కావాలి. ఎదురుగా న్యూయార్క్ జెట్స్.

నాలుగో క్వార్టర్‌లో లయన్స్ లైన్‌బ్యాకర్ (అవతలివాళ్ళని ఆపేవాడు) రెజీ బ్రౌన్ ఒకణ్ణి పట్టుకోబోయి పడ్డాడు, లేవలేదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు, ఈ ఆటలో పడటం మామూలే కదా. తర్వాత డాక్టర్లు పరిగెత్తారు. ఆ కుర్రాడికి ఊపిరి ఆగిపోయింది, అక్కడే, ఆ పచ్చ చాప మీదే ఊపిరి పోశారు. మాకు పైనుంచి కనిపించింది బూట్లు మాత్రమే. కదలని బూట్లు. 17 నిమిషాలు. అంతమంది జనం, అంత పెద్ద డబ్బా లాంటి స్టేడియం, పైకప్పుకి గాలి కొట్టే ఫ్యాన్ల హోరు తప్ప ఇంకేం లేదు. ఆటగాళ్ళు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పక్కనున్న పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నా చేతిలో నాచోస్ ప్లేటు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ నాచోస్ చూస్తే ఆ రోజే గుర్తొస్తుంది.

అంబులెన్స్ వెళ్ళిపోయింది. ఆట మళ్ళీ మొదలైంది! అదే నాకు మింగుడు పడలేదు. శాండర్స్ 2,000 దాటాడు, ఆ వెంటనే 53 గజాల పరుగు. మొత్తం 184. సీజన్‌కి 2,053. వరసగా 14 మ్యాచ్‌ల్లో నూరు దాటాడు. టీమ్ 13-10తో గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్ళింది. జనం కుర్చీలెక్కి అరిచారు, నేనూ అరిచాను, అబద్ధం ఎందుకు. ఆయన మాత్రం ఎప్పటిలాగే చిందులేమీ వెయ్యలేదు. బయటికి వస్తుంటే ఆ డోమ్ తలుపు దగ్గర లోపలి గాలి వెనకనుంచి ఒక్క తోపు తోసి మనిషిని మంచులో పడేసేది. పార్కింగ్ లాట్‌లో కారు వెతుక్కుంటూ పెద్దాయన అడిగింది ఒకటే: ఆ కుర్రాడు బతుకుతాడా అని. బతికాడు. మెడకి ఆపరేషన్ చేశారు, నడిచాడు. ఆట మాత్రం అక్కడితో సరి.

అంతకుముందు 1991లో మైక్ అట్లీ అనే గార్డు, శాండర్స్‌కి ముందు దారి చేసేవాళ్ళలో ఒకడు, అదే స్టేడియంలో పడి ఛాతీ కింద నుంచి చచ్చుబడిపోయాడు. ఆ మరుసటేడు ఎరిక్ ఆండోల్సెక్ అనే ఇంకో గార్డు సొంత ఇంటి ముందు పని చేసుకుంటుంటే లారీ వచ్చి గుద్ది చనిపోయాడు. నా లెక్కలో 1997 డిసెంబరు 21 సాయంత్రమే బ్యారీ మనసులో రాజీనామా రాసేసుకున్నాడు. తర్వాత ఆయన చెప్పిన కారణం వేరు, టీమ్‌కి గెలవాలన్న పట్టుదల పోయిందని. నేను ఒప్పుకోను. ఆ బూట్లు చూసినవాణ్ణి నేను.

ఏదైతేనేం, 1999 జులైలో, ప్రాక్టీస్ క్యాంప్ మొదలవబోతుండగా, కాన్సాస్‌లో తన సొంతూరు విచిటా పేపరుకి ఒక ఫ్యాక్స్ పంపాడు. ఆటలో ఉండాలన్న కోరిక కంటే బయటపడాలన్న కోరిక ఎక్కువైంది, అందుకే మానేస్తున్నానని సారాంశం. ప్రెస్ మీట్ లేదు, కన్నీళ్ళు లేవు. ఆ రోజుకి ఆయన లండన్‌లో ఉన్నాడు. వయసు 31. అప్పటికి 15,269 గజాలు. అప్పటికి అందరికంటే ఎక్కువ, వాల్టర్ పేటన్ రికార్డు 16,726. తేడా 1,457. ఆయన సగటు సీజన్‌కి 1,500 పైమాటే. ఒక్క ఏడాది ఆగితే చాలు. ఆగలేదు.

మా ఆఫీసులో రెండు వారాలు పని జరగలేదు. "ఏం మనిషి, ఎంత డబ్బు, ఎంత పేరు" అని ఒకటే గోల. వీళ్ళెవరికీ ఆయన మొదటి ఏడాది గుర్తులేదు. 1989లో చివరి మ్యాచ్ చివరి నిమిషాల్లో ఇంకో 10 గజాలు చేస్తే ఆ ఏడాది గజాల్లో ముందున్న క్రిస్టియన్ ఒకోయేతో సమానమయ్యేవాడు, 11 అయితే లీగ్ మొత్తానికి మొదటి స్థానం. లోపలికి వెళ్తావా అని కోచ్ అడిగితే అక్కర్లేదన్నాడు. మ్యాచ్ ఎలాగూ గెలిచేస్తున్నారు, ఇక ఎందుకని. అప్పుడే అర్థం కావాలి. టచ్‌డౌన్ చేస్తే బంతి రిఫరీ చేతికిచ్చి నడిచి వచ్చేసేవాడు.

వాళ్ళ నాన్న ఇళ్ళకి పైకప్పులు వేసే పని చేసేవాడు, పదకొండు మంది పిల్లలు. కొడుకు ఇన్ని చేసినా, అందరికంటే గొప్ప రన్నింగ్ బ్యాక్ పాతతరం జిమ్ బ్రౌన్ అనేవాడట ఆయన. మన నాన్నలు ఒక్క తెనాలిలోనే ఉంటారనుకున్నాను, కాన్సాస్‌లోనూ ఉన్నారు.

మనవాళ్ళ సంగతి చెప్పాలా? సచిన్ నూరో సెంచరీ కోసం ఏడాది పాటు దేశమంతా ఆయన మెడ మీద కూర్చుంది. మన లక్ష్మణ్ నయం. 2012 ఆగస్టులో సొంతూరు హైదరాబాద్‌లో టెస్టు ఇంకో అయిదు రోజుల్లో ఉందనగా, టీమ్‌లో పేరు కూడా ఉండగా, ఇక చాలన్నాడు. ఆ ఒక్క టెస్టు ఆడి దండలు వేయించుకుని వెళ్ళొచ్చుగా అని అప్పుడు మా బావమరిది ఫోన్‌లో గంట వాదించాడు. దండల కోసం ఇంకొకరి చోటు ఎందుకు ఆక్రమించాలి అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

టీమ్ ఏం చేసిందో తెలుసా? 1997లో ఇచ్చిన 1 కోటి 10 లక్షల డాలర్ల బోనస్‌లో సగం వెనక్కి ఇమ్మంది. మధ్యవర్తి దగ్గరికి వెళ్ళారు, టీమే నెగ్గింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే సరిగ్గా శాండర్స్ మానేసిన వేసవిలోనే నన్ను తెచ్చిన కన్సల్టెన్సీ వదిలేస్తానంటే, బాండ్ రాశావు కాబట్టి 8,000 డాలర్లు కట్టి కదలమన్నారు. జీతంలో మూడో వంతు వాళ్ళే తినేవారు, ఆ లెక్క మాత్రం ఎవరూ ఎత్తరు. కాలింగ్ కార్డు మీద నాన్నకి చెబితే "ఏరా, ఆ ఉద్యోగానికి రెండొందల మంది క్యూలో ఉంటే నువ్వు వదిలేస్తానంటావా?" అన్నారు. ఆరు వాయిదాల్లో కట్టాను. ఆఖరి చెక్కు మీద సంతకం పెట్టిన రోజు రూమ్మేట్లందరికీ బిర్యానీ నేనే వండాను, అదీ కొంచెం మాడింది.

శాండర్స్ కట్టినదీ పోయింది, రికార్డూ పోయింది. 2002లో ఎమిట్ స్మిత్ అనే ఇంకో రన్నింగ్ బ్యాక్ పేటన్‌ని దాటేశాడు, 15 సీజన్లు ఆడి 18,355 దగ్గర ఆగాడు. 2023 సెప్టెంబరులో లయన్స్ ఇప్పటి స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట శాండర్స్ విగ్రహం పెట్టారు. ఆ సీజన్‌లోనే, 2024 జనవరిలో, లయన్స్ 32 ఏళ్ళ తర్వాత ఇంకో ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచారు. ఆ వారం మా అబ్బాయిని తీసుకెళ్ళాను. వాడు ఇక్కడే పుట్టి పెరిగాడు, శాండర్స్ ఆట చూసి ఎరగడు. విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, "నాన్నా, ఈయన ఎటు వైపు పోతున్నట్టు?" అన్నాడు. నాకూ తెలియలేదు. ఆ పార్కింగ్‌కి నలభై డాలర్లు తీసుకున్నారు, దొంగలు.