పాలీఅనిలిన్ నీలంగా మారి వాహకత పడిపోతే

పాలీఅనిలిన్ (కరెంటు ప్రవహించే ఒక పాలిమర్) ఆకుపచ్చగానే వచ్చిందనీ, కడిగి ఆరబెట్టేసరికి నీలంగా మారి వాహకత పడిపోయిందనీ రాశారు కదా. తేడా కొట్టింది కడిగే దగ్గరేనండీ. డిస్టిల్డ్ వాటర్‌తో పదేపదే కడిగితే డోపింగ్ చేసిన ఆమ్లం, అంటే పాలిమర్‌లో చేరి వాహకత తెచ్చిన ఆమ్లం పోయి, ఎమరాల్డిన్ సాల్ట్ (కరెంటు ప్రవహించే ఆకుపచ్చ రూపం) కాస్తా ఎమరాల్డిన్ బేస్ (కరెంటు పెద్దగా ప్రవహించని నీలం రూపం) అయిపోతుంది. ఆ పొడిని పారేయకండి! 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని గంటలు కలియబెడితే మళ్లీ ఆకుపచ్చకి తిరుగుతుంది. తర్వాత పలుచని ఆమ్లంతో, చివర్లో అసిటోన్‌తో కడిగి, 60 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఆరబెట్టండి. పొడిని నొక్కి చేసిన పెల్లెట్ (బిళ్ల) వాహకతని ఫోర్ ప్రోబ్‌తోనే (కరెంటుకి రెండు, వోల్టేజ్‌కి రెండు కొనలు వేరుగా ఉండే పరికరం) కొలవండి. మామూలు మల్టీమీటర్‌ రీడింగ్‌లో కాంటాక్ట్ నిరోధం (కొనలు తాకే చోటి నిరోధం) కూడా కలిసిపోతుంది.

మీ టీజీఏలో (వేడి చేస్తూ బరువు తగ్గడాన్ని కొలిచే పరీక్ష) 100 డిగ్రీల దగ్గర తగ్గిన బరువు చాలావరకు తేమే, టెన్షన్ అక్కర్లేదు. కానీ వేడిలోనూ వాహకత నిలవాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నమ్ముకోకండి, అది ఎగిరిపోతుంది. డోడెసిల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లంతో డోప్ చేసి చూడండి.