బ్లడ్ గ్రూప్ కలిసినా క్రాస్‌మ్యాచ్ ఎందుకు?

విజయవాడ నుంచి ఒకరు అడిగారు: అత్తయ్యకు మావయ్యగారు కిడ్నీ ఇస్తున్నారు, ఇద్దరిదీ ఓ పాజిటివే, మరి క్రాస్‌మ్యాచ్ (ఇద్దరి రక్తం కలిపి చూసే పరీక్ష) ఎందుకు, జీవితాంతం మందులెందుకు అని.

బ్లడ్ గ్రూప్ మొదటి మెట్టు మాత్రమే. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లుంటాయి. సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. తోబుట్టువుల్లో ఇద్దరికి పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. భార్యాభర్తల్లో అది చాలా అరుదు (మేనరికమైతే కొంత కలవచ్చు). తేడా కనిపించగానే టి కణాలు (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్లకణాలు) కొత్త కిడ్నీని పరాయిదిగా లెక్కగట్టి దాడికి దిగుతాయి.

మీ అత్తయ్య విషయంలో అసలు చిక్కు కాన్పులు. కడుపులో బిడ్డకు తండ్రి హెచ్‌ఎల్‌ఏ కూడా ఉంటుంది కాబట్టి, తల్లి ఒంట్లో దాని మీద యాంటీబాడీలు తయారై ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. అప్పుడు అదే భర్త కిడ్నీ పెడితే గంటల్లోనే పాడైపోగలదు. గతంలో రక్తం ఎక్కించుకున్నా ఇలాంటి యాంటీబాడీలు రావచ్చు. క్రాస్‌మ్యాచ్‌లో ఆమె సీరంతో (రక్తంలో యాంటీబాడీలుండే ద్రవంతో) ఆయన తెల్లకణాలను కలిపి చూసేది అందుకే. పాజిటివ్ అని వస్తే ఆ యాంటీబాడీలు ఉన్నట్టే, సంబరపడకండి, అది చెడ్డ కబురు.

ఇక మందులు. టి కణాలు పరాయి కిడ్నీకి పూర్తిగా అలవాటు పడటం చాలా అరుదు. సాధారణంగా ఇచ్చే టాక్రోలిమస్ వాటిని అణచి ఉంచుతుంది. రోజుకు రెండుసార్లు వేసుకునే రకమైతే 12 గంటల తేడా తప్పకూడదు. లెవెల్ పరీక్ష (రక్తంలో మందు ఎంతుందో చూసేది) రోజున పొద్దుటి డోసు వెంట పట్టుకెళ్లి, మీ ఊళ్లో సూర్యారావుపేట ల్యాబ్‌వాళ్లు రక్తం తీశాకే వేసుకోవాలి. పంపరపనస జోలికి పోవద్దు, రక్తంలో మందు పెరిగిపోతుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పెరిగితే, నొప్పి లేకపోయినా సరే, వెంటనే నెఫ్రాలజిస్టుకి చూపించండి.