ఇటుక బట్టీకి వెళ్ళే ముందు

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పీహెచ్‌డీ కోసం పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు వెళ్ళి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు తెలుగు ఎలా నేర్చుకుంటున్నారో చూస్తావట. మీ నాన్న ఫోన్‌లో భయపడుతూ చెప్పాడు. వాడికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత నాకే టెన్షన్ పట్టుకుంది. మన ఇంట్లో ఇలాంటి పని తలకెత్తుకున్నదానివి నువ్వే మరి!

రికార్డర్ ఛార్జింగ్ చూసుకో. తేదీ, పిల్లల వయసు, తెలంగాణకు వచ్చి ఎన్ని నెలలైందో అప్పటికప్పుడే రాసుకో. ఇంటి భాష దగ్గర గుడ్డిగా ‘ఒడియా’ అని నింపకు. బలాంగీర్, నువాపడా వైపు వాళ్ళు ఇంట్లో సంబల్‌పురి మాట్లాడుకుంటారు. వానలు పడేలోపే బట్టీ ఆగిపోతుంది, కుటుంబాలు ఊరికి వెళ్ళిపోతాయి. అదే పిల్లలు మళ్ళీ అదే బట్టీకి వస్తారని నమ్మి ప్లాన్ వేసుకోకు.

ఓనర్ సరే అన్నాడని పని మొదలుపెట్టేస్తావేమో, అదీ నా భయం. ఆ తల్లిదండ్రులు అతని దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్ళు. అతను పక్కన నిలబడి ఉంటే నీకు కాదని ఎలా చెబుతారు? అతను లేనప్పుడు, సాయంత్రం గుడిసె దగ్గర, వాళ్ళ భాష వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని అడుగు. పిల్ల మొహం తిప్పుకుంటే ఆ రోజుకి రికార్డర్ ఆపేసెయ్.

ఇక తప్పుల లెక్క. 1967లో పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త, నేర్చుకునేవాళ్ళ తప్పుల్ని చూస్తే వాళ్ళ బుర్రలో ఏ నియమం నడుస్తోందో తెలుస్తుందన్నాడు. బాగుంది. దాంతో తప్పులు ఏరి లెక్కపెట్టడం ఒక అలవాటైపోయింది. 1974లో జాక్వెలిన్ షాక్టర్ అనే పరిశోధకురాలు ఆ లెక్కలోని లోపం పట్టుకుంది. ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ళ వ్యాసాల్లో ‘హూ, విచ్’లతో వచ్చే వాక్యభాగాలు తీసి చూసింది. పర్షియన్ వాళ్ళు 174 రాస్తే 43 తప్పు. జపనీస్ వాళ్ళు 63 రాస్తే 5 తప్పు. తప్పులే చూస్తే జపనీస్ వాళ్ళు ఘనులు. నిజానికి వాళ్ళు ఆ వాక్యాల జోలికే పెద్దగా పోలేదు! పర్షియన్‌లో ఆ భాగం ఇంగ్లీషులోలాగే నామవాచకం తర్వాత వస్తుంది. జపనీస్‌లో మనలాగే, ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్నట్టు, ముందు వస్తుంది. తెలియని దారి కనుక తప్పించుకున్నారు.

నాకు ఇది చదవగానే హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి గుర్తొచ్చింది. ఇంగ్లీషులో అన్నీ పొట్టి వాక్యాలే రాసేది. ఎర్ర ఇంకు పడేదే కాదు, మాకందరికీ అసూయ. ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ఎందుకు’ అని అడిగితే పాపం నోరు పెగల్లేదు. రాత్రంతా ఏడ్చింది. అన్నేళ్ళూ ఆమె దేనికి దూరంగా జరుగుతూ వచ్చిందో ఒక్క మాస్టారూ చూడలేదు.

నీ పిల్లల్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటారు. ఒడియా క్రియలో ఆడా మగా తేడా ఉండదు, మనకేమో వచ్చాడు, వచ్చింది. ఒక పిల్ల అందరికీ ‘వచ్చారు’ అనే అంటోందనుకో. నీ పట్టికలో తప్పు సున్నా. ఇంకో పిల్లాడు ధైర్యంగా ‘అమ్మ వచ్చాడు’ అంటాడు, వాడికి మార్కు పోతుంది. ఇద్దరిలో ఎవరు ముందున్నారో ఆ పట్టిక చెప్పదు. అందుకని తప్పులతో పాటు, ఆ రూపం వాడాల్సిన చోట్లు ఎన్ని వచ్చాయో, ఎన్నిసార్లు వాడారో కూడా లెక్కపెట్టు. ఒక చిన్న పిల్ల, ఒక చిన్న పిల్లాడు తప్పక కనిపించే బొమ్మలు గీయించి కథ చెప్పించు. కాస్త పొడుగు వాక్యం చెప్పి తిరిగి అనమను. ఉన్నదున్నట్టు గుర్తుండదు కదా, వాళ్ళకి వచ్చిన తెలుగులోకి మార్చేసి అంటారు. ఆ మార్పే నీకు కావాల్సింది. అసలు మాట్లాడనివాళ్ళని ‘రాదు’ అని కొట్టేయకు. నెలల తరబడి విని, ఆ తర్వాత నోరు విప్పే పిల్లలు బోలెడంత మంది.

ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ తిరిగావంటే ఊరుకోను. బట్టీ పక్క నేల కాలిపోతుంది, చెప్పులు కాదు, బూట్లు కొనుక్కో. స్కూటీ మీద వద్దు, బస్సులో వెళ్ళు. ఫెలోషిప్ డబ్బులు ఆలస్యమైతే మీ నాన్నని అడగకు, వాడు చదువే మానెయ్యమంటాడు. నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య