దేశం మారితే ఆటిజం నిర్ధారణ కూడా మారుతుందా?
మారవచ్చు. బిడ్డ లక్షణాలు అవే అయినా, వైద్యులు అనుసరించే ప్రమాణాలు అన్నిచోట్లా ఒకటి కావు. అమెరికాలో వాడే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 (2013) ప్రకారం సామాజిక సంభాషణకు సంబంధించిన మూడు లోపాలూ, పునరావృత ప్రవర్తనలకు చెందిన నాలుగింటిలో కనీసం రెండూ ఉండాలి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 అలాంటి లెక్క పెట్టకుండా వైద్యుని విచక్షణకే వదిలింది. అందుకే, తోటివారితో కలవలేక, బొమ్మలను వరుసగా పేర్చడం తప్ప మరే పునరావృత ప్రవర్తనా చూపని పిల్లవాడు ఒకచోట ఆటిజం పరిధిలోకి వచ్చి, మరోచోట రాకపోవచ్చు. పాత ఐసీడీ-10, మాటల్లో, తెలివితేటల్లో పెద్ద ఆలస్యం కనిపించని ఆస్పర్జర్ సిండ్రోమ్‌ను వేరుగా చూపితే, డీఎస్ఎం-5 దాన్ని ఆటిజంలోనే కలిపేసింది. ఫ్రాన్స్ సొంత వర్గీకరణ అయితే, విచిత్రంగా, ఆటిజాన్ని చాలాకాలం, వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్ర మానసిక రుగ్మతలైన బాల్య సైకోసిస్‌ల కింద చేర్చింది.