ల్యాప్‌టాప్ మూసి తెరిస్తే మౌంట్ చేసిన ఫోల్డర్ బిగుసుకుపోతోంది!

ప్రశ్న: సర్వర్‌లోని ఫోల్డర్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌తో (ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్ మీదుగా సర్వర్ ఫోల్డర్‌ని మన దగ్గరున్నట్టే చూపే ప్రోగ్రామ్) నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో మౌంట్ చేసుకుని, అంటే ఇక్కడి ఒక ఫోల్డర్‌కి తగిలించుకుని, పని చేస్తున్నాను. ల్యాప్‌టాప్ కాసేపు మూసి తెరిచానంటే ఇక అంతే, ఆ ఫోల్డర్‌లో ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే కర్సర్ కదలదు, కంట్రోల్ సి నొక్కినా బయటికి రాదు, ఫైల్ మేనేజర్ కూడా ఆగిపోతుంది. రీస్టార్ట్ తప్ప దారి లేదా? ఇంకొకటి, అదే ఫోల్డర్‌ని సుడోతో, అంటే అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా, చూడబోతే 'పర్మిషన్ డినైడ్' అంటోంది. రూట్‌కే పర్మిషన్ లేకపోవడమేంటి?

జవాబు: రీస్టార్ట్ అక్కర్లేదండీ. ఇంకో టెర్మినల్ తెరిచి 'పీకిల్ మైనస్ 9 ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్' కొట్టండి (వేరే సర్వర్లు కూడా ఇలాగే మౌంట్ అయి ఉంటే అవీ పోతాయి, చూసుకోండి). ఆ తర్వాత ఫోల్డర్‌ని ముట్టుకుంటే 'ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్' అని వస్తుంది, కంగారు పడొద్దు, ప్రోగ్రామ్ పోయింది గానీ మౌంట్ ఇంకా తగులుకునే ఉందని దానర్థం. 'ఫ్యూజర్‌మౌంట్ మైనస్ యు' కొట్టి ఫోల్డర్ పేరు ఇస్తే ఊడి వస్తుంది. బిజీగా ఉందని మొండికేస్తే 'మైనస్ యుజడ్' ఇవ్వండి.

ఇలా ఎందుకవుతుందంటే, మీరు ఎల్‌ఎస్ కొట్టగానే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ఆ పనిని ఫ్యూజ్ (మామూలు ప్రోగ్రామే ఫోల్డర్‌ని నడిపేలా చేసే లైనక్స్ సదుపాయం) ద్వారా ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌కి అప్పగిస్తుంది, అది వెళ్లి ఎస్‌ఎఫ్‌టీపీలో (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) సర్వర్‌ని అడుగుతుంది. ల్యాప్‌టాప్ నిద్రలో ఉండగా అటు రౌటరో సర్వరో కనెక్షన్‌ని వదిలేస్తే ఆ కబురు మన దాకా రాదు, దాంతో ఇటువైపు ప్రోగ్రామ్ ఎప్పటికీ రాని జవాబు కోసం కూర్చుంటుంది. అవతల ఎవరైనా ఉన్నారా అని ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తాను వాకబు చేయదు, ఎన్ని సెకన్లకోసారి అడగాలో చెప్పే సర్వర్‌ఎలైవ్‌ఇంటర్వెల్ డిఫాల్ట్ విలువ 0, అంటే అసలు అడగదు.

అందుకని మౌంట్ చేసేటప్పుడే మైనస్ ఓ పక్కన రీకనెక్ట్, సర్వర్‌ఎలైవ్‌ఇంటర్వెల్=15, సర్వర్‌ఎలైవ్‌కౌంట్‌మ్యాక్స్=3, ఈ మూడూ కామాలతో కలిపి ఇవ్వండి. 15 సెకన్లకోసారి పలకరించి, మూడుసార్లు పలకకపోతే, అంటే దాదాపు 45 సెకన్లలో, లైన్ తెగిందని తేల్చుకుని మళ్లీ కలుపుకుంటుంది. కాకపోతే మీరు పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయ్యేవారైతే ఇది కుదరదు, ఆ సమయంలో పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్లుండరు కదా, కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైల్) పెట్టుకోండి. తెగకముందు తెరిచి ఉన్న ఫైళ్లు మాత్రం ఎర్రర్ ఇస్తాయి, మూసి మళ్లీ తెరవాలి.

రూట్ సంగతి: ఫ్యూజ్ మౌంట్ అనేది దాన్ని మౌంట్ చేసిన యూజర్‌కి తప్ప ఇంకెవరికీ, రూట్‌కి కూడా, మామూలుగా కనిపించదు. ఈటీసీ ఫోల్డర్‌లోని ఫ్యూజ్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో 'యూజర్ అండర్‌స్కోర్ అలో అండర్‌స్కోర్ అదర్' లైన్ ముందున్న హ్యాష్ (#) తీసేసి, 'అలో అండర్‌స్కోర్ అదర్' ఆప్షన్‌తో మౌంట్ చేస్తే కనిపిస్తుంది. నేనైతే ఆ జోలికి పోవద్దంటాను, ఆ మెషీన్‌లో ఉన్న మిగతా యూజర్లకి కూడా మీ సర్వర్ తలుపు తెరిచినట్టే.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మౌంట్ ఊడిపోయాక ఆ పేరుతో మీ ల్యాప్‌టాప్‌లో ఖాళీ ఫోల్డర్ మిగిలే ఉంటుంది. నేనోసారి చూసుకోకుండా బ్యాకప్ స్క్రిప్ట్ నడిపితే ఫైళ్లన్నీ అందులోనే పడ్డాయి, తర్వాత మళ్లీ మౌంట్ చేసేసరికి అవి దాని కింద దాక్కున్నాయి, సర్వర్‌లోనూ లేవు, కంటికీ కనపడవు, పూటంతా టెన్షన్. అన్‌మౌంట్ చేశాకే బయటపడ్డాయి. స్క్రిప్ట్‌లో కాపీ చేసే లైన్‌కి ముందు 'మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ' (అక్కడ మౌంట్ ఉందో లేదో చూసే కమాండ్) పెట్టి, మౌంట్ లేకపోతే అక్కడే ఆగిపోయేలా రాసుకోండి.